ఇందాకయ్య వాద్యానికి చెవులు

కళ్లద్దాల దుకాణం వెనక గదిలో, నల్ల తెర కట్టిన ఇరుకు చోట ఆయన ఉద్యోగం. ఎదుట గోడకు అక్షరాల పలక, పక్కన అద్దాల పెట్టె. కుర్చీలో కూర్చున్నవాళ్ల ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము తగిలించి, అందులో ఒక్కో అద్దమే మారుస్తూ, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడగడం ఆయన పని. ఏళ్ల తరబడి ఆ ఒక్క ప్రశ్నతోనే ఇల్లు గడుస్తోంది. దాంతో వీధిలో ఆయనకు ఇందాకయ్య అన్న పేరు స్థిరపడిపోయింది. మొదట్లో ఆ పేరు విని మూతి ముడుచుకునేవాడు. రానురాను, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడడమే మానేశాడు.

మంచివాడు, నెమ్మదస్తుడు. ఎదుటివాళ్లకు ఏది నప్పుతుందో ఇట్టే చెప్పేస్తాడు. గుండ్రటి మొహంతో వచ్చినవాళ్లు గుండ్రటి ఫ్రేము మీద చెయ్యి వేస్తే, నోరు విప్పకుండానే ఆ చేతిని మర్యాదగా పక్క అర వైపు మళ్లించగలడు. తన సంగతికి వచ్చేసరికి మాత్రం, రెండు చొక్కాలు చేత పట్టుకుని అద్దం ముందు నిలబడి నిలబడి, ఆఖరికి మూడోది తొడుక్కుని వెళ్లే రకం. కుర్రతనంలో స్నేహితులంతా కలిసి పాటల బృందం ఒకటి పెట్టుకుంటూ, నీకు ఏ వాద్యం కావాలో తేల్చుకుని రమ్మని ఆయనకు చెప్పారు. ఆయన తేల్చుకునే లోపల ఆ బృందంలో ఇద్దరికి పెళ్లిళ్లయ్యాయి, ఒకడికి బదిలీ అయింది, పాడేవాడికి గొంతు పోయింది. పెళ్లి విషయంలోనూ తేల్చింది ఆయన కాదు. "ఈయన ఎప్పటికీ చెప్పేలా లేరు. నాకు మాత్రం ఇష్టమే" అని ఆవిడే అనేసింది.

ఆ ఇల్లాలు కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు వేరు చేస్తుంది. వాళ్లతో పాటు ఆమె తల్లి కూడా ఉంటుంది. అత్తగారు ఉద్యోగకాలమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపిన మనిషి. ఆ వయసువాళ్లు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అంటుంటే, ఈవిడ ముందు గదిలో కూర్చుని వంటింటి కుళాయి బొట్లు కారుతోందని చెప్పగలదు. అల్లుడంటే ఆవిడకు ప్రాణం. ఆ సంగతి ఆటపట్టించడం ద్వారా తప్ప బయటపెట్టదు.

యాభై దగ్గర పడుతుండగా ఇందాకయ్యకు ఆ పాత కోరిక మళ్లీ లేచింది. వాద్యం కొనాలంటే మళ్లీ ఎంచుకోవాలి. సొంతంగా తయారు చేసుకుంటే ఎంపిక గొడవే ఉండదనుకున్నాడు, పిచ్చి మారాజు. నాలుగు తీగల కరెంటు వాద్యం చేద్దామని ఇంటి వెనక గదిలో దుకాణం పెట్టాడు. వాద్యం ఒంటి కోసం అత్తగారి చెక్క బీరువా తలుపు ఒకటి ఊడదీశాడు. మెడ కోసం పాత మంచం పట్టె చిత్రిక పట్టాడు.

ఒంటి తలుపుతో మిగిలిన బీరువాను అత్తగారు ఎగాదిగా చూసింది. "అల్లుడుగారూ, నా బట్టలకు గాలాడటం లేదని మీతో నేనెప్పుడైనా అన్నానా?"

"బాగా ఎండిన చెక్క అత్తయ్యగారూ. బయట ఇంత మంచిది దొరకదు."

"దొరకదులెండి. ఇంట్లో దొరికింది చాలు."

సెలవు రోజులన్నీ దానికే ధారపోసి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది, పాలిష్ పట్టి, ఒక ఆదివారం తీగలు బిగించాడు. తల్లీకూతుళ్లిద్దరినీ పిలిచి, గొంతు సవరించుకుని, తీగ మీటాడు. బోలు లేని చెక్కదిమ్మ అది. దోమ దగ్గినట్టు వినిపించింది.

"అంతేనా?" అంది భార్య.

"ఇంకా పికప్ పెట్టందే!" అన్నాడు ఇందాకయ్య కంగారుగా. "అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ చుట్టి ఉంటుంది. దాన్ని ఈ ఉక్కుతీగల కింద అమరుస్తాం. పైన తీగ వణికితే కింద చుట్టలో కాస్త కరెంటు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయరు పెద్దది చేసి వినిపిస్తుంది. వాద్యానికి అది చెవి లాంటిదన్నమాట."

"చెవి సరే, నోరేది?" అంది అత్తగారు.

"ఆ యాంప్లిఫయరే నోరు."

"చెవి ఒకచోట, నోరు ఒకచోట, మధ్యన వైరు. మా ఎక్స్ఛేంజి కూడా అంతే" అని ఆవిడ లేచి వెళ్లిపోయింది.

అప్పుడు మొదలైంది అసలు తంటా. పికప్ అంటే ఒక్కటే రకం కాదు. ఒకే చుట్ట ఉన్న సింగిల్ పికప్ గలగలమని గాజు గ్లాసులా పలుకుతుందట, కాకపోతే ఇంట్లో కరెంటు హోరునంతా పీల్చుకుంటుందట. రెండు చుట్టలు పక్కపక్కన కూర్చున్న డబుల్ పికప్పులో ఒకదాని హోరును ఇంకొకటి చంపేస్తుంది, గొంతు మాత్రం కాస్త బొద్దుగా వస్తుంది. ఇవి కాక, చెక్కకే అంటించి చెక్క అదురును పట్టుకునే బిళ్ల ఇంకొకటి. ఇందాకయ్య ఫోనులో అవన్నీ చదివాడు. సింగిల్ గురించి చదివినప్పుడు సింగిల్ అనుకున్నాడు, డబుల్ గురించి చదివినప్పుడు డబుల్ అనుకున్నాడు. అన్నం తింటూ "గలగల..." అని గొణిగేవాడు. స్నానం చేసి వస్తూ "అయినా బొద్దుగా ఉంటే తప్పేముంది?" అని ఎవరూ అడగని ప్రశ్నకు జవాబిచ్చేవాడు. దుకాణంలో ఒక పెద్దమనిషి ముక్కు మీద ఫ్రేము పెట్టి, అద్దం మార్చి, పరధ్యానంగా "ఇప్పుడు మందంగా ఉందా, ఇందాక మందంగా ఉందా?" అని అడిగేశాడు. పాపం ఆయన బెదిరిపోయి, "అక్షరాలు నల్లగానే ఉన్నాయండీ" అన్నాడు.

ఇది తేలేది కాదని ఇల్లాలు తన బావగారికి, అంటే అక్క మొగుడికి కబురు పెట్టింది. ఆయనకు మైకుసెట్లు అద్దెకిచ్చే వ్యాపారం. బతుకంతా మైకులు పరీక్ష చేసీ చేసీ, ఎదురుగా ఉన్న మనిషితో కూడా వెనక వరసకు వినిపించేలా మాట్లాడతాడు. ఇందాకయ్యకు తోడల్లుడు, పైగా పెద్దల్లుడు.

"ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ!" అన్నాడు చెప్పులు విప్పకముందే. "మీ ఇంట్లో ట్యూబులైట్లు, పాత ఫ్రిజ్జు, అంతకన్నా పాత వైరింగు. సింగిల్ పెట్టావంటే చెవిలో జోరీగే. కళ్లు మూసుకుని డబుల్ పెట్టెయ్."

జీవితంలో మొదటిసారి ఇందాకయ్య అక్కడికక్కడే నిర్ణయం తీసుకున్నాడు. సింగిలే పెట్టాలని. తోడల్లుడు ఔనన్నదాన్ని కాదనడానికి మనిషికి ఎంతసేపు కావాలి?

ఎవరికీ చెప్పకుండా తెప్పించుకుందామనుకున్నాడు. అది ఎవరి చేతుల మీదుగా వస్తుందో ఆ తొందరలో తట్టలేదు. సాయంత్రం భార్య సంచీలోంచి చిన్న డబ్బా తీసి ఆయన ముందు పెట్టింది.

"ఏమండీ, నాకు తెలియకుండా మీరు తెప్పించుకున్న పార్సిల్. సంతకం పెట్టండి."

ఇందాకయ్య సంతకం పెట్టాడు.

పికప్ కూర్చోవడానికి చెక్కలో గుంట తొలవాలి. ఎక్కడ? తీగలను మోసే బ్రిడ్జికి దగ్గరగా పెడితే గొంతు పదునుగా ఉంటుంది, మెడ దగ్గర పెడితే గుండ్రంగా. పెన్సిలుతో ఇక్కడ గీసి, చెరిపి, అక్కడ గీసి, మళ్లీ చెరిపాడు. పాలిష్ కాస్తా మసకబారడం చూడలేక భార్య వచ్చి బ్రిడ్జి పక్కన వేలు పెట్టి, "ఇక్కడ" అంది. ఆయన ఉలి అందుకున్నాడు. ఎక్కడ తొలవాలో తేలిపోయిన ఉత్సాహంలో ఎంత లోతు తొలవాలో పట్టించుకోలేదు. ఉలి వీపులోంచి బయటికి వచ్చింది.

అత్తగారు దిమ్మను ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కంటితో ఆ కన్నంలోంచి అల్లుడిని చూసింది. "స్పష్టంగా కనిపిస్తున్నారు. దుకాణంలో సామాను ఎందుకిక, ఇది పట్టుకెళ్లండి."

ఇందాకయ్య ఆ కన్నానికి వెనక నుంచి రేకుముక్క బిగించాడు. పికప్పును స్క్రూలతో కూర్చోబెట్టాడు. దాని వైర్లు రెండూ గొంతు పెంచే బిరడాకు, అక్కడినుంచి వైరు గుచ్చే సాకెట్టుకు కలిపి టంకం పెట్టాడు. బ్రిడ్జికి కూడా ఒక వైరు లాగాడు. బొటనవేలు చుర్రుమంది. నోట్లో వేలు పెట్టుకునే యాంప్లిఫయరు మీట నొక్కాడు.

తీగ ముట్టుకోకముందే ఇల్లంతా హోరెత్తింది.

వైర్లు విప్పి మళ్లీ కలిపాడు. హోరు. యాంప్లిఫయరును గోడకున్న వేరే ప్లగ్గులో గుచ్చాడు. అక్కడా హోరే. వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని విసుగ్గా ఇటు తిరిగేసరికి హోరు కాస్త తగ్గింది. ఇంకొంచెం తిరిగాడు, ఇంకొంచెం తగ్గింది. కుర్చీతో సహా గుండ్రంగా తిరుగుతూ పోతే, ఒక్కచోట మాత్రం దాదాపు నిశ్శబ్దం. ఆ ఒక్క దిక్కున ఉన్నది స్నానాలగది తలుపు.

అప్పటినుంచి ఆయన సాధన స్నానాలగదికి ఎదురుగా సాగింది. వాయించినంతసేపూ బాగానే ఉండేది, ఎవరైనా తలుపు తీసుకుని బయటికొచ్చేదాకా.

"లోపల స్నానం నాది, బయట కచేరీ మీది" అంది అత్తగారు తల తుడుచుకుంటూ. "టిక్కెట్టు మీరిస్తారా, నేనివ్వాలా?"

ఆదివారం తోడల్లుడు వచ్చాడు. ఆ హోరూ విన్నాడు, కుర్చీ తిరిగిన దిక్కూ చూశాడు. "నేను చెప్పానా?" అనలేదు. అనుంటే కాస్త నయంగా ఉండేది. పైకప్పు వైపు చూస్తూ కూర్చుని, వెళ్లేటప్పుడు జేబులోంచి రుమాలు మూట తీసి బల్ల మీద పెట్టాడు. అందులో డబుల్ పికప్ ఉంది. "మా గోడౌన్లో పడి ఉంది తమ్ముడూ. ఊరికే ఉంచు" అన్నాడు.

ఊరికే ఉంచు అన్న మాటను ఇందాకయ్య అక్షరాలా పాటించాడు. డబుల్ వాడితే తోడల్లుడు గెలిచినట్టు. సింగిల్ వాడితే స్నానాలగది గతి. ఈ రెండూ కాకుండా మూడోది ఉంది కదా! చెక్కకు అంటించే బిళ్ల తెప్పించాడు. ఈసారి ముందే భార్యకు చెప్పి, ఆమె చేత నవ్వించుకుని మరీ తెప్పించాడు.

దాని బిగింపులో చిక్కేమీ లేదు. చొక్కా గుండీ కన్నా కాస్త పెద్ద బిళ్ల, జిగురుతో బ్రిడ్జి దగ్గర అంటిస్తే సరి. హోరు కూడా లేదు. అయితే అది చెక్కకు తగిలినదల్లా పట్టుకుంది. చొక్కా బొత్తాం రాసుకుంటే ఎవరో తలుపు గీకినట్టు, మోచెయ్యి ఆనిస్తే బస్తా దించినట్టు వినిపించేది. యాంప్లిఫయరును పక్కనే పెడితే కీచుమని అరుస్తోందని, పొడుగు వైరు వేసి దాన్ని ముందు గదిలో పెట్టాడు. తను వెనక గదిలో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు ముందు గదిలో బట్టలు మడత పెడుతున్నారు. ఇందాకయ్య జిగురు ఆరిందో లేదో చూడటానికి వంగి, గడ్డం చెక్కకు ఆనించాడు. మనసులో ఉన్నది అలవాటుగా పెదవుల మీదికి వచ్చింది.

ముందు గదిలో యాంప్లిఫయరు గంభీరంగా పలికింది. "అత్తయ్యగారికి నేనేం వాయించినా వేళాకోళమే. ఒక్కసారి, ఒక్కసారి బాగుందంటే ఏం పోయింది?"

భార్య చేతిలో మడత అలాగే ఆగిపోయింది. అత్తగారు లేచింది. చప్పుడు చెయ్యకుండా వెనక గదిలోకి వెళ్లి, అల్లుడి ఎదురుగా కూర్చుని, వాద్యం రెండో కొసన తన గడ్డం ఆనించింది. తర్వాత, ఉద్యోగకాలపు గొంతుతో, మెత్తగా, తీరిగ్గా అంది. "నమస్కారం. మీ లైను కలిసింది. మాట్లాడండి."

ముందు గదిలో ఆ మాటలు మళ్లీ మోగాయి. వాటి వెంట కూతురి నవ్వు వినిపించింది. సంగతి అర్థమయ్యేసరికి ఇందాకయ్య చెవుల దాకా ఎర్రబడ్డాడు. లేచి, కాళ్లకు దొరికిన చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ చెప్పుల్లో ఒకటి భార్యది.

చీకటి పడుతుండగా తిరిగొచ్చాడు. అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆయన తల ఎత్తకుండా, "అత్తయ్యగారూ, నా ఉద్దేశం..." అని మొదలుపెట్టాడు.

"కూర్చోండి ముందు" అంది ఆవిడ. "ఎక్స్ఛేంజిలో నాకు వినపడకూడనివి ఎన్ని వినపడేవో! మీరన్నది వాటి ముందు ఏ మూలకి? అయినా నన్ను బాగుందనమంటే ఎలా? స్నానాలగది వైపు తిరిగి వాయిస్తే బాగుందని ఏ మొహంతో అంటాను? పెద్దల్లుడి మీద అలకతో చెక్కను ఎందుకు బాధపెడతారు? ఆ రుమాలు విప్పండి."

మర్నాడు సెలవు. ఇందాకయ్య అంటించిన బిళ్ల ఊడబీకి, రుమాలు విప్పాడు. బ్రిడ్జి దగ్గర సింగిల్ ఎలాగూ కూర్చుని ఉంది కనక, మెడకు దగ్గరగా డబుల్ కోసం వెడల్పాటి గుంట తొలిచాడు. ఈసారి ఉలికి గుర్తుగా దారం చుట్టుకుని, ఆ దారం దాటకుండా తొలిచాడు. రెండింటి మధ్యా మార్చుకోవడానికి ఒక మీట పెట్టాడు. మీట అటు వేస్తే సింగిల్, ఇటు వేస్తే డబుల్. తీగ మీటాడు. మీట తిప్పాడు. మళ్లీ మీటాడు.

"ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

ఇంట్లోవాళ్ల తల ప్రాణం తోకకు వచ్చింది ఆ వారంలో. కూర కలుపుతుంటే అడిగాడు. పళ్లు తోముకుంటుంటే అడిగాడు. భార్య ఆఫీసుకు పరుగెడుతుంటే మెట్ల దాకా వైరు సాగినంత మేర వచ్చి అడిగాడు. ఇందాక అన్నవాళ్లను ఇప్పుడు అనేదాకా, ఇప్పుడు అన్నవాళ్లను ఇందాక అనేదాకా వదిలేవాడు కాడు.

ఆఖరికి అత్తగారు కుర్చీ ఒకటి లాక్కొచ్చి గది మధ్యలో వేసింది. "అల్లుడుగారూ, మీరు కూర్చోండి. ఇవాళ పరీక్ష మీకు. కళ్లు మూసుకుని తీగ మీటండి. మీట అమ్మాయి తిప్పుతుంది. అడిగేది నేను."

హోరు వినిపిస్తే సింగిల్ అని తెలిసిపోతుందని, కుర్చీని స్నానాలగది వైపు ఆవిడే తిప్పింది. ఇందాకయ్య కళ్లు మూసుకుని బుద్ధిగా మీటాడు. టక్కుమని చప్పుడైంది. మళ్లీ మీటాడు.

"ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"ఇప్పుడు!" అన్నాడు ఆయన పరవశంగా. "ఎంత నిండుగా ఉంది! ఇందాకటిది పీలగా లేదూ? ఇది డబుల్. సందేహమే లేదు."

టక్. మళ్లీ మీటాడు.

"అబ్బే, ఇది పీల. ఇది సింగిల్."

టక్. "ఆఁ, మళ్లీ నిండుగా!"

కళ్లు తెరిచి చూస్తే, భార్య చేతులు రెండూ ఆమె ఒళ్లోనే ఉన్నాయి. మీట ఎక్కడున్నది అక్కడే ఉంది. అత్తగారు నాలుకతో మరోసారి "టక్" మనిపించింది.

తల్లీకూతుళ్లు ఆయన మొహం వంక చూస్తూ ఊపిరి బిగబట్టారు. మళ్లీ ఎవరి చెప్పులు వేసుకుని వెళ్తాడో అని. ఇందాకయ్య మీట వంక చూశాడు. ఎటూ తేల్చుకోలేక సతాయించేవాళ్లకు తను కూడా దుకాణంలో ఇదే చేస్తాడు. అద్దం తీసినట్టే తీసి అదే అద్దం మళ్లీ పెడతాడు. "ఇది బ్రహ్మాండంగా ఉందండీ" అని వాళ్లు మురిసిపోతుంటే లోలోపల నవ్వుకుంటాడు. అది గుర్తొచ్చి ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆ పైన ముగ్గురూ కళ్లనీళ్లు పెట్టుకునేదాకా నవ్వారు.

నవ్వు ఆగాక ఆయన స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. సింగిల్ పికప్పును ఊడదీసి డబ్బాలో పెట్టేశాడు. హోరెత్తని డబుల్ ఒక్కటే ఉంచాడు. అది తీగలకు మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతి తప్పుతుందని, రెండువైపులా స్క్రూలు తిప్పుతూ కొంచెం కొంచెంగా దించాడు. ప్రతి తిప్పుకూ ఒకసారి మీటి, చెవి ఒగ్గి విన్నాడు. ఒకచోట ఆగి, "చాలు" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం భార్యకు అదే మొదలు.

కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని వాయించాడు. ముందు ఏ చప్పుడూ లేదు, ఆ తర్వాత తీగ ఒక్కటే పలికింది. బీరువా తలుపులో ఇంత గొంతు ఉందా అన్నట్టు మందంగా, వెచ్చగా పలికి, నిదానంగా చల్లారింది. ఇందాకయ్య ఎవరూ చూడకుండా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

తర్వాత తోడల్లుడికి ఫోను చేశాడు. ఆ సంగతి వినగానే అవతలి గొంతు లేచింది. "నేను ముందే చెప్..."

"అవునన్నయ్యా, మీరు ముందే చెప్పారు" అన్నాడు ఇందాకయ్య. తోడల్లుడు వాతావరణం గురించి అడిగి ఫోను పెట్టేశాడు.

ఇంతా చేసి, ఆ వాద్యం ఆయనకు పూర్తిగా దక్కలేదు. ఒక మధ్యాహ్నం అత్తగారు "ఒకసారి ఇలా ఇవ్వండి" అని ఒళ్లోకి తీసుకుని, లావు తీగ ఒకటి మీటి, అది పూర్తిగా ఆరిపోయేదాకా కళ్లు మూసుకుని వింది. మళ్లీ మీటింది. అంతే, ఆ రోజు అన్నానికి కూడా లేవలేదు. ఇప్పుడు పొద్దున దుకాణానికి వెళ్లేలోపు వంతు ఆయనది, సాయంత్రం వంతు ఆవిడది. ఆయనకు రెండు పాటలు వచ్చు, రెండూ నిదానమే. ఆవిడ ఇంకా ఒక పాట పట్టుకుని కుస్తీ పడుతోంది.

మొన్నొక సాయంత్రం భార్య ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇందాకయ్య మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు, భోజనం డబ్బా పక్కన పెట్టుకుని. లోపలినుంచి తీగలు వినిపిస్తున్నాయి.

"లోపలికి వెళ్లరేం?"

"ష్. తప్పు వాయిస్తున్నారు. నేను వెళ్తే మానేస్తారు."

"ఎక్కడ తప్పు?"

"మలుపు దగ్గర. విను, ఇప్పుడొస్తుంది."

ఆవిడ సంచీ కింద పెట్టి, పక్కన చోటు చేసుకుని కూర్చుంది. లోపల పాట మెల్లగా మలుపు దాకా వచ్చి, అక్కడ మళ్లీ తడబడి, మొదటినుంచి ఎత్తుకుంది.